కాళ్ళ వాటా, చేతుల వాటా

మా ప్రయోగశాలకి వచ్చిన స్కీ క్రీడాకారుల్ని నేను ముందుగా అడిగేది వయసూ కాదు, బరువూ కాదు. "ఇవాళ ఏ పద్ధతి?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పేదాన్నిబట్టి ట్రెడ్‌మిల్ వాలు మార్చాలి, చక్రాల స్కీలు మార్చాలి, కర్రలు మార్చాలి. ఆఖర్న కాగితం మీద పడే అంకె కూడా మారిపోతుంది. ఒక పద్ధతిలో నిమిషానికి, ఒంటి బరువు కిలో ఒక్కింటికి, 80 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడగలిగిన కుర్రాడు రెండ్రోజుల తర్వాత ఇంకో పద్ధతిలో 74 దగ్గరే ఆగిపోయాడనుకోండి, అతనికి జ్వరమేమీ రాలేదు, రాత్రి నిద్రా చెడలేదు. గుండె అదే, ఊపిరితిత్తులు అవే. కదలిక మారింది, అంతే.

మాది తెనాలి. విజయవాడలో ఫిజియోథెరపీ చదివాను. పెళ్ళయ్యాక నార్వేలోని ట్రోన్‌హైమ్ చేరి, ఇక్కడి భాష పట్టుబడ్డాక, వ్యాయామ సమయంలో శరీరం ఎలా పనిచేస్తుందో కొలిచే ప్రయోగశాలలో ఉద్యోగం సంపాదించాను. ముఖానికి మాస్కు బిగిస్తాను. పడిపోతే ట్రెడ్‌మిల్ వెంటనే ఆగేలా ఛాతీకి పట్టీ కట్టి పైన కొక్కేనికి తగిలిస్తాను. కొన్ని నిమిషాలకోసారి వేలి కొస పొడిచి ఒక్క చుక్క రక్తం తీసి, కష్టపడే కండరాలు రక్తంలోకి వదిలే లాక్టేట్ ఎంతుందో చూస్తాను. మాస్కు వెనకనుంచి మాట రాదు కాబట్టి, గోడకి తగిలించిన బోర్గ్ పట్టికలో 6 నుంచి 20 దాకా ఉన్న అంకెల్లో ఎంత కష్టంగా ఉందో వేలితో చూపించమంటాను. 19 మీద వేలు పెట్టి కూడా ఇంకో నిమిషం లాగేవాళ్ళున్నారు. స్కీలు కాళ్ళకి తొడుక్కునే పుడతామని నార్వేవాళ్ళు తమ గురించి చెప్పుకుంటారు. ఆ నిమిషంలో నేనూ నమ్ముతాను.

కొండ మీదనుంచి మెలికలు తిరుగుతూ దూసుకొచ్చే ఆట మనం టీవీలో చూస్తుంటాం. నేను చెప్పేది అది కాదు. క్రాస్‌కంట్రీలో కొండ ఎక్కించే తీగబండి ఉండదు, ఎవరి కొండ వాళ్ళే ఎక్కాలి. ప్రపంచస్థాయి పోటీల దారిలో సుమారు మూడోవంతు ఎక్కుడు, మూడోవంతు దిగుడు, మిగిలింది చదునూ చిన్న మిట్టలూను. దూరంలో ఎక్కుడు మూడోవంతే అయినా పోటీ సమయంలో సగానికి పైగా అక్కడే ఖర్చవుతుంది. గెలుపోటములు తేలేదీ ఎక్కువగా అక్కడే.

ఇంతకీ ఈ ఆక్సిజన్ అంకె ఏమిటి? మనిషి శక్తినంతా పెట్టి కష్టపడుతున్నప్పుడు ఒళ్ళు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో దాని గరిష్ఠం. పెద్దగా వ్యాయామం లేని యువకుడికి 40 చుట్టుపక్కల ఉంటుంది, యువతికి ఇంకొంచెం తక్కువ. పేరున్న మగ స్కీయర్లకి 80 దాటుతుంది. ఎనిమిది ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన నార్వే వీరుడు బ్యోర్న్ డేలీకి 96 వచ్చిందని చెబుతారు. అంత ఆక్సిజన్ మోసుకెళ్ళాలంటే గుండె అంత రక్తం తోడాలి. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి 5 లీటర్లు తోడుతుంది. ఈ స్థాయివాళ్ళ గుండె పోటీలో 40 లీటర్ల దరిదాపుల్లోకి వెళ్ళగలదు.

అంత రక్తమూ చాలదు. ఈ ఆటలోని అసలు కథ అక్కడుంది.

డయాగోనల్ అనే పాత పద్ధతినే తీసుకుందాం. మంచు మీద యంత్రం వేసిన రెండు చాళ్ళలో రెండు స్కీలూ ఉంటాయి. కుడికాలు వెనక్కి తన్నుతుంటే ఎడమచేతి కర్ర పొడుస్తుంది, తర్వాత ఎడమకాలూ కుడిచెయ్యీ. నడకలో మన చేతులూ కాళ్ళూ కదిలే వరసే ఇది. కానీ తన్నేటప్పుడు స్కీ ఒక్క లిప్తపాటు మంచు మీద కదలకుండా నిలబడాలి, లేకపోతే కాలు వెనక్కి జారిపోతుంది. అందుకే స్కీ మధ్యభాగం పైకి వంగి ఉంటుంది. ఒళ్ళంతా ఒక కాలి మీద పడినప్పుడు మాత్రమే ఆ భాగం మంచుకి తగులుతుంది. అక్కడ రాసిన వాక్స్ అప్పుడు మంచుని పట్టుకుంటుంది, బరువు తీయగానే వదిలేస్తుంది. చలిగా ఉంటే నీలం వాక్స్, సున్నా డిగ్రీల దగ్గర ఊదా, సున్నా దాటితే ఎరుపు. మా వీధిలో శనివారం ఉదయం గరాజుల ముందు దీని మీద జరిగినంత చర్చ రాజకీయాల మీద కూడా జరగదు.

ఈ పద్ధతిలో చేతులు, కాళ్ళు, వెన్ను, పొట్ట, అన్నీ పనిలో ఉంటాయి. అందుకే అందులో వచ్చే ఆక్సిజన్ అంకె అన్నిటికంటే పెద్దది. మంచి స్కీయరు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తితే ఎంత వస్తుందో, ఎత్తు మీద డయాగోనల్‌లో అంతే వస్తుంది, కొందరికి కాస్త ఎక్కువే. ఇక్కడ ఒక అనుమానం రావాలి. పరుగులో లేని చేతుల కండరాలు ఇందులో అదనంగా కలిశాయి కదా, మరి అంకె బాగా పెరగాలి కదా? పెరగదు. కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకిది కాలువ లెక్కలోనే బోధపడింది. కాలువలోకి వదిలే నీళ్ళు ఇన్నే, కింద ఆయకట్టు మాత్రం పెరిగింది. తూములన్నీ ఒకేసారి బార్లా ఎత్తేస్తే కాలువలో మట్టమే నిలవదు, కాబట్టి లాకుల దగ్గర కొంత దించాలి. శరీరంలో ఆ మట్టం పేరు రక్తపోటు. చేతుల్లోనూ కాళ్ళల్లోనూ పనిచేస్తున్న కండరాల రక్తనాళాలు అన్నీ పూర్తిగా తెరుచుకుంటే ఎంతటి గుండె అయినా ఆ పోటు నిలపలేదు. అందుకని పనిలో ఉన్న కండరాలకి వెళ్ళే నాళాల్ని కూడా నాడులు కొంత బిగిస్తాయి. కాళ్ళకీ అడిగినంతా అందదు, చేతులకీ అడిగినంతా అందదు.

అందినదాన్ని ఎవరు ఎంత బాగా వాడుకుంటారన్నది ఇంకో ప్రశ్న. దీన్ని తేల్చడానికి పరిశోధకులు హోసె కాల్బెట్, హాన్స్ క్రిస్టర్ హోల్మ్‌బెర్గ్, బెంగ్ట్ సాల్టిన్ ప్రభృతులు చేసిన పని 2005లో అచ్చయింది. ఆరుగురు స్కీయర్ల తొడ మొదట్లోని సిరలోకీ, కాలర్ ఎముక కిందున్న సిరలోకీ సన్నని గొట్టాలు పంపి, వాళ్ళని ట్రెడ్‌మిల్ మీద స్కీ చేయించారు. కాలినుంచి తిరిగొచ్చే రక్తం, చేతినుంచి తిరిగొచ్చే రక్తం విడివిడిగా తీసి ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూశారు. ఒక వేలు పొడవడానికే మొహం చిట్లించేవాళ్ళని రోజూ చూస్తాను కాబట్టి, ఆ ఆరుగురి మీద నాకు చాలా గౌరవం. డయాగోనల్‌లో గరిష్ఠ శ్రమ దగ్గర కాళ్ళు తమకొచ్చిన ఆక్సిజన్‌లో 93 శాతం పీల్చుకున్నాయి, చేతులు 85 శాతమే. ఆ గరిష్ఠ స్థాయి కొలతలు ముగ్గురివే అయినా, మిగతా స్థాయిల్లో కూడా ప్రతిసారీ కాళ్ళదే పైచేయి. చేతి కండరాల్లో రక్తం గబగబా దాటిపోతుంది, ఆక్సిజన్ దిగడానికి వ్యవధి చాలదు. రక్తంనుంచి కండరంలోకి ఆక్సిజన్ దిగే వైశాల్యం కాళ్ళల్లో కంటే తక్కువ. కండరంలో అన్ని మూలలకీ రక్తం సమంగా అందదు. ఏళ్ళ తరబడి చేతులకి సాధన చేసిన వాళ్ళలోనే ఇలా ఉంటే మన సంగతి చెప్పక్కర్లేదు.

మామూలు వేగంలో పోతున్నప్పుడు కూడా చేతులు లాక్టేట్‌ని రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. దాన్ని విషం అనుకుంటారు గానీ, అది ఇంధనమే. చేతులు వదిలింది కాళ్ళూ గుండే తీసుకుని కాల్చుకుంటాయి.

ఇప్పుడు చేతులకే పెద్ద పని ఇచ్చే పద్ధతి చూద్దాం. ఇక్కడ స్టాకింగ్ అంటారు, ఇంగ్లీషులో డబుల్ పోలింగ్. రెండు స్కీలూ చాళ్ళలో పక్కపక్కనే కదలకుండా ఉంటాయి. రెండు కర్రలూ ఒకేసారి ముందు పొడిచి, మడమలు కొద్దిగా లేపి, ఒంటి బరువంతా కర్రల మీద వేసి, నడుము దగ్గర ముందుకి వంగుతూ వెనక్కి తొయ్యాలి. పోటీ వేగంలో కర్ర మంచుని తాకి ఉండేది పావు సెకను చిల్లర. ఆ పావు సెకనులో ముందు పొట్ట కండరాలు, తర్వాత వీపుకి రెండు పక్కలా ఉండే పెద్ద రెక్క కండరాలు, చివర మోచేతి వెనక కండరం, వరసగా బిగుసుకుంటాయి. వంగినప్పుడు ఊపిరి దానంతటదే బయటికి పోతుంది, లేచినప్పుడు లోపలికి వస్తుంది. తోపుకొక ఊపిరి. మొదటిసారి చేసినవాళ్ళకి మర్నాడు చేతులకంటే పొట్టే ఎక్కువ నొప్పి పుడుతుంది. దగ్గితే తెలుస్తుంది.

చూడ్డానికి కాళ్ళకి విశ్రాంతిలా ఉంటుంది గానీ, కాదు. హోల్మ్‌బెర్గ్ బృందమే ఒకసారి మేటి స్కీయర్ల మోకాళ్ళు, చీలమండలు కదలకుండా బిగించి డబుల్ పోలింగ్ చేయించింది. ఆక్సిజన్ గరిష్ఠమూ తగ్గింది, అందుకోగలిగిన వేగమూ తగ్గింది. ప్రతి తోపు తర్వాతా ఒంటిని మళ్ళీ పైకి లేపి, ఎత్తునుంచి కర్రల మీదికి పడేలా చేసేది కాళ్ళే.

అయినా ఈ పద్ధతిలో ఆక్సిజన్ గరిష్ఠం డయాగోనల్‌లో వచ్చేదానికి 90-95 శాతం దగ్గర ఆగుతుంది. చేతుల సాధన తక్కువైతే ఇంకా కింద. ఇది చదివిన ఎవరైనా డయాగోనల్‌వాడే గెలుస్తాడంటారు. మంచు మీద దీనికి విరుద్ధంగా జరిగింది. నార్వేలో బిర్కెబైనర్ అనే పాత పందెం ఉంది. 1206లో అంతర్యుద్ధ సమయంలో ఇద్దరు సైనికులు పసివాడైన రాజకుమారుణ్ణి స్కీల మీద కొండలు దాటించిన కథకి గుర్తుగా, ఇప్పటికీ ప్రతివాళ్ళూ వీపున మూడున్నర కిలోల సంచితో రేనానుంచి లిల్లెహామర్ దాకా 54 కిలోమీటర్లు వెళ్ళాలి. దారి మధ్య పెద్ద కొండలే ఉన్నాయి. 2015లో పెట్టెర్ ఎలియాసెన్ స్కీల కింద పట్టు వాక్స్ రాయకుండా, మొత్తం దారి చేతులతోనే తోసి గెలిచాడు. స్వీడన్‌లో 90 కిలోమీటర్ల వాసలోపెట్ పందెంలో ముందు వరసవాళ్ళకి అప్పటికే అది మామూలైపోయింది.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఒంటికున్న సామర్థ్యం వేరు, ఒక్కో మీటరుకి అయ్యే ఖర్చు వేరు. చదును మీద ఒకే వేగానికి డబుల్ పోలింగ్‌లో ఖర్చయ్యే ఆక్సిజన్ డయాగోనల్ కంటే తక్కువ. ప్రతి అడుగుకీ స్కీని ఆపి మళ్ళీ కదిలించే పని ఇందులో లేదు. పట్టు వాక్స్ లేని స్కీ దిగుడులోనూ బాగా జారుతుంది. నిటారు ఎత్తు మీద లెక్క తిరగబడుతుంది, అక్కడ డయాగోనల్‌దే చవక. మొత్తం దారి మీద కూడికలూ తీసివేతలూ చేసి చూస్తే, భుజాలు గట్టిగా పెంచుకున్నవాడికి ఎత్తులో పోయింది చదునులో తిరిగొస్తోంది. నేను కొలిచే ఆ గొప్ప అంకె పందెం ఫలితాన్ని చెప్పదని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాను. అయినా ఇంటికెళ్ళి స్నేహితులకి చూపించుకునేది దాన్నే.

పాత పద్ధతి మాయమైపోతుందని అంతర్జాతీయ స్కీ సమాఖ్యకి భయం పట్టుకుంది. 2016-17 నుంచి, డయాగోనల్, డబుల్ పోలింగ్ వాడే క్లాసిక్ పోటీల్లో కర్ర పొడవు, బూట్లతో కలిపిన మనిషి ఎత్తులో 83 శాతం మించకూడదన్నారు. బూట్లతో 180 సెంటీమీటర్లున్న మనిషికి 149 సెంటీమీటర్ల కర్ర. కొన్ని ఎక్కుళ్ళ దగ్గర బోర్డులు పెట్టి అక్కడ డబుల్ పోలింగ్ చేయకూడదన్నారు. ఆటలో అందాన్ని నియమాలతో కాపాడటం కొందరికి నచ్చలేదు. నాకు నచ్చింది. చేతులూ కాళ్ళూ రెండూ గుండె ముందు నిలబడి వాటా అడిగే పద్ధతి ఉండాలనే నా పక్షపాతం.

ఈ వాటాల లెక్క మగా ఆడా మధ్య తేడాలో కూడా కనిపిస్తుంది. పరిశోధకులు ఓయ్‌విన్ సాండ్‌బాక్, గెర్ట్‌యాన్ ఎట్టెమా, హోల్మ్‌బెర్గ్ కలిసి సమాన స్థాయి మగ, ఆడ స్కీయర్లని పోల్చి చూశారు. గరిష్ఠ వేగంలో తేడా పరుగులో 12 శాతం ఉంటే, డయాగోనల్‌లో 14, తర్వాత చెప్పబోయే స్కేటింగ్‌లో 17, డబుల్ పోలింగ్‌లో 20 శాతానికి పెరిగింది. చేతుల పని పెరిగినకొద్దీ తేడా పెరిగిందన్నమాట. కారణం ఆడవాళ్ళ ఒంటి పైభాగంలో కండ తక్కువ కావడం. చాలాకాలం ఆడవాళ్ళ దూరాలు మగవాళ్ళ దూరాలకంటే తక్కువగా ఉండేవి, 2022-23 నుంచి ప్రపంచకప్‌లో సమానం చేశారు. 2025లో మా ఊరి గ్రానోసెన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఆడవాళ్ళు కూడా 50 కిలోమీటర్లు పోటీపడ్డారు. స్వీడన్ అమ్మాయి ఫ్రీడా కార్ల్‌సన్ గెలిచింది. దూరం సమానం చెయ్యడానికి ఇంతకాలం పట్టినందుకు శరీరధర్మంలో నాకైతే ఏ సాకూ దొరకలేదు.

ఇక స్కేటింగ్. దీని చరిత్ర చిన్నది. 1970లలో ఫిన్లాండ్‌వాడు పౌలి సీటోనెన్ దూరపు పందాల్లో ఒక స్కీని చాల్లోనే ఉంచి రెండోదానితో పక్కకి తోసేవాడు. అమెరికన్ బిల్ కోచ్ ఆ అడుగుతోనే 1982లో ప్రపంచకప్ ఎత్తుకెళ్ళాడు. 1985లో ఆస్ట్రియాలోని సీఫెల్డ్ ప్రపంచ పోటీల నాటికి దాదాపు అందరూ స్కేటింగే చేస్తున్నారు. అప్పుడు రెండు పద్ధతులకీ వేర్వేరు పోటీలు పెట్టారు, ఒలింపిక్స్‌లో 1988 కాల్గరీతో మొదలు.

స్కేటింగ్‌లో చాళ్ళు ఉండవు. వెడల్పుగా చదును చేసిన దారి మీద స్కీలు కోణంగా పెట్టి, అంచు మీద నొక్కి పక్కకి తొయ్యాలి. కారు గేర్లలాగే ఇందులోనూ మెట్లున్నాయి, మా దగ్గర పేర్లతోనే పిలుస్తారు. నిటారు ఎత్తుకి పాడ్లింగ్. రెండు కర్రలూ ఒక కాలి తోపుతోనే కలుస్తాయి, రెండో కాలికి కర్రల సాయం ఉండదు. చిన్న ఎత్తుకీ చదునుకీ డొబ్బెల్‌డాన్స్, ప్రతి కాలితోనూ కర్రలు పడాలి. వేగం పెరిగితే ఎంకెల్‌డాన్స్, రెండు అడుగులకోసారే కర్రలు. ఆక్సిజన్ గరిష్ఠం డయాగోనల్‌కి దగ్గరదగ్గరగానే ఉంటుంది గానీ కాళ్ళ కష్టం తీరు వేరు. డయాగోనల్‌లో తన్నిన కాలు గాలిలోకి లేచినప్పుడు కండరం సడలుతుంది, రక్తం ఆడుతుంది. స్కేటింగ్‌లో మోకాలు వంచి ఒంటికాలి మీద జారుతున్నంతసేపూ తొడా పిరుదూ బిగుసుకునే ఉంటాయి. బిగుసుకున్న కండరం తన రక్తనాళాల్ని తనే నొక్కుకుంటుంది. గుండె దగ్గర ఇంకా శక్తి ఉన్నా తొడలు ముందే మండడం అందుకే.

ఎక్కుళ్ళ గురించి మొదట్లో అన్నాను. అక్కడ మేటి స్కీయర్లు ఖర్చుపెట్టే శక్తి, ఆక్సిజన్‌తో రాబట్టగల శక్తిని మించిపోతుంది. మిగిలింది అప్పు. శిఖరం దాటాక దిగుడులో, ఒక అరనిమిషమో నిమిషమో ఒంగి జారే వ్యవధిలో, ఆ అప్పు తీరాలి. తీరేలోపు ఇంకో మిట్ట వస్తుంది. 2025లో గ్రానోసెన్‌లో పాల్గొన్న ఆరు పోటీల్లో ఆరూ గెలిచిన యోహానెస్ క్లేబో క్లాసిక్ స్ప్రింట్‌లో నిటారు ఎత్తు మీద జారడమే మానేసి, స్కీలతోనే పొట్టి అడుగులు వేస్తూ పరుగెత్తుతాడు. ఆ ఊపు ఎన్నో సెకన్లు నిలవదు. ఎప్పుడు వాడాలో తెలియడమే అతని తెలివి.

ఈ మధ్య ఇక్కడ ఎంఎస్ చదవడానికి వచ్చిన మన వరంగల్ కుర్రాడొకడు ట్రాములో కలిసి, "అక్కా, స్కేటింగ్ నేర్చుకోనా, క్లాసిక్ నేర్చుకోనా? ఏది ఈజీ?" అని అడిగాడు. ట్రాము లియాన్ దాకా పోతుంది, దిగితే బీమార్కా అడవి, రాత్రి కూడా దీపాల వెలుగులో దారులు. క్లాసిక్‌తో మొదలెట్టు తమ్ముడూ అన్నాను. క్లాసిక్‌లో మెల్లగా పోవచ్చు, గుండె వేగాన్ని అదుపులో ఉంచుకోవచ్చు. స్కేటింగ్‌లో మొదటి రోజుల్లో మెల్లగా పోవడమే కుదరదు, చిన్న ఎత్తుకే ఒళ్ళు గరిష్ఠానికి పోతుంది. మేటివాళ్ళు ఏడాదికి 750-900 గంటలు సాధన చేస్తే, అందులో చాలా భాగం మాట్లాడుకుంటూ పోగలిగిన వేగంలోనే. మాస్కు కాదు గానీ చలిలో మెడపట్టీని మూతి మీదికి లాక్కోమని కూడా చెప్పాను. చల్లని పొడిగాలిని నిమిషానికి వంద లీటర్లకి పైగా లాగితే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. ఈ ఆటలో ఆస్తమా ఎక్కువ కనిపించేది అందుకే. మైనస్ 20కి కింద పోటీలు పెట్టరు.

మా ట్రెడ్‌మిల్ మీదికి కూర్చుని స్కీ చేసేవాళ్ళు కూడా వస్తారు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు, కాళ్ళు కోల్పోయినవాళ్ళు. రెండు స్కీల మీద బిగించిన కుర్చీ, చేతుల్లో పొట్టి కర్రలు, ఉన్నది డబుల్ పోలింగ్ ఒక్కటే. ఇక్కడ గుండె తోడే రక్తం కోసం కాళ్ళు పోటీ పడవు కాబట్టి చేతులకి దండిగా రక్తం అందుతుందనుకుంటాం. కానీ కదలని కాళ్ళల్లో రక్తం నిలిచిపోతుంది, పిక్కలు పిండి పైకి పంపవు కాబట్టి గుండెకి తిరిగి రావడం తగ్గుతుంది. వెన్నుపాముకి దెబ్బ ఛాతీ పైభాగం దగ్గరో మెడ దగ్గరో తగిలితే గుండెని తొందరపెట్టే నాడులకి మెదడుతో సంబంధం కూడా తెగిపోతుంది. ఎంత కష్టపడినా గుండె వేగం సాధారణంగా 120-130 దాటదు. పొట్ట కండరాలు పనిచేసేవాళ్ళు ముందుకి వంగి తోస్తారు, పనిచేయనివాళ్ళు పట్టీలతో వెనక్కి ఆనుకుని భుజాలతోనే లాగుతారు. అందుకని పారా పోటీల్లో కూర్చునేవాళ్ళని నడుమూ పొట్టా ఎంత పనిచేస్తున్నాయో చూసి తరగతులుగా విడదీస్తారు. అవి బాగా పనిచేసే ఎల్‌డబ్ల్యూ12 తరగతివాళ్ళకి గడియారంలో పడ్డ సమయమే సమయం. అవి సరిగా పనిచేయని ఎల్‌డబ్ల్యూ10 వాళ్ళకి దాన్ని నిర్ణీత శాతం మేరకు తగ్గించి లెక్కిస్తారు. గీత ముందు దాటింది ఒకరు, పతకం అందుకునేది ఇంకొకరు కావచ్చు. చూసేవాళ్ళు బోర్డు మీద సవరించిన సమయం వచ్చేదాకా ఆగాలి.